తొమ్మిది క్లబ్బుల సెంటర్ బ్యాక్: సోల్ బాంబా కెరీర్‌పై కేస్ స్టడీ

డిఫెండర్ ఫైల్ చేతికి రాగానే క్లబ్బుల వాళ్లు ముందు చూసేది అతను ఎన్ని చోట్ల ఆడాడన్నదే. ఎనిమిదో తొమ్మిదో పేర్లు కనిపిస్తే "ఎక్కడా నిలదొక్కుకోలేదన్నమాట" అని పక్కన పెట్టేస్తారు. ఫార్వర్డ్‌కైతే గోల్స్ లెక్క చూపించి వాదించొచ్చు. డిఫెన్స్ మధ్యలో నిలబడే సెంటర్ బ్యాక్‌కు ఆ వెసులుబాటు లేదు. అతను బాగా ఆడిన రోజున చెప్పుకోవడానికి ఏమీ జరగదు; ఒక్క తప్పు చేస్తే మాత్రం అది గోల్ రూపంలో వీడియోలో ఉండిపోతుంది. అందుకే ఊళ్లు మారిన డిఫెండర్ ఫైల్‌ను క్లబ్బుల సంఖ్యతో తూచకూడదు. ప్రతి మార్పు దగ్గరా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అతన్ని పిలిచింది ఎవరు? అప్పటికి ఒప్పందంలో ఎన్ని నెలలు మిగిలాయి? కొత్త జట్టు డిఫెన్స్ లైన్, అంటే డిఫెండర్ల వరుస, మైదానంలో ఎక్కడ నిలబడుతుంది? సోల్ బాంబా కెరీర్ ఈ మూడు ప్రశ్నలకు పాఠ్యపుస్తకం లాంటిది.

అసలు పేరు సులేమాన్ బాంబా. 1985 జనవరి 13న పారిస్‌ను ఆనుకుని ఉన్న ఇవ్రీ-సుర్-సెన్‌లో, ఐవరీ కోస్ట్ మూలాలున్న కుటుంబంలో పుట్టాడు. ఆరడుగుల పైన ఎత్తు, కుడికాలి ఆట. పారిస్ సెయింట్ జెర్మెయిన్, డన్‌ఫర్మ్‌లిన్, హిబెర్నియన్, లెస్టర్, ట్రాబ్జోన్‌స్పోర్, పలెర్మో, లీడ్స్, కార్డిఫ్, మిడిల్స్‌బ్రో: ఇవీ అతను ఆడిన క్లబ్బులు. ఐవరీ కోస్ట్ జాతీయ జట్టుకు 46 మ్యాచ్‌లు ఆడాడు. 2010, 2014 ప్రపంచ కప్ జట్లలో ఉన్నాడు. 2024 ఆగస్టు 31న, 39 ఏళ్లకే కన్నుమూశాడు.

పారిస్ నుంచి డన్‌ఫర్మ్‌లిన్‌కు

2006లో, 21 ఏళ్ల వయసులో, అతను స్కాట్లాండ్ ప్రీమియర్ లీగ్‌లో అడుగున కొట్టుమిట్టాడే చిన్న క్లబ్‌కు వెళ్లాడు. కాగితం మీద చూస్తే ఇది దిగజారడమే. సెంటర్ బ్యాక్ వృత్తి తెలిసినవాళ్లకు మాత్రం సరైన అడుగులా కనిపిస్తుంది. పెద్ద క్లబ్బులు కుర్ర వింగర్‌ను చివరి 15 నిమిషాలకు దింపి చూస్తాయి, కుర్ర సెంటర్ బ్యాక్‌ను అలా దింపవు. ఆ స్థానంలో ప్రయోగం చేయడమంటే పాయింట్లు పణంగా పెట్టడమే. ఆడే నిమిషాలు లేని సెంటర్ బ్యాక్‌కు 20 దాటాక ఏటా విలువ తగ్గుతుంది. లైన్‌ను ఎప్పుడు పైకి జరపాలి, పక్కవాడు ముందుకెళితే తను ఎంత వెనక్కి తగ్గాలి అన్నవి మ్యాచ్‌ల్లోనే ఒంటబడతాయి.

2007 మే నెలలో డన్‌ఫర్మ్‌లిన్ లీగ్ నుంచి కింది డివిజన్‌కు పడిపోయింది. అదే నెలలో స్కాటిష్ కప్ ఫైనల్ ఆడి సెల్టిక్ చేతిలో 0-1తో ఓడింది. ఏడాది పొడవునా ఒత్తిడి పడే జట్టులో సెంటర్ బ్యాక్ ఒక్కో మ్యాచ్‌లో ఎదుర్కొనే క్రాస్‌లు, ఒంటరి పోరాటాలు పెద్ద జట్టులో నెలకు కూడా రావు. క్లబ్బుల కోసం ఆటగాళ్లను వెతికే స్కౌట్‌కు కావలసిన వీడియో దొరికేది అక్కడే.

ఇలాంటి మార్పులో బయటికి కనిపించని అడ్డంకి శిక్షణ పరిహారం. 23వ పుట్టినరోజు వచ్చే ఏడాది ముగిసేలోపు ఆటగాడు మరో దేశపు క్లబ్‌కు మారితే, 12 నుంచి 21 ఏళ్ల దాకా అతన్ని తీర్చిదిద్దిన క్లబ్‌కు కొత్త క్లబ్ డబ్బు కట్టాలన్నది ఫిఫా నియమం. ఒప్పందం ముగిసి ఉచితంగా వెళ్లినా ఇది వర్తిస్తుంది. శిక్షణ మీద పెట్టే ఖర్చును బట్టి క్లబ్బులను నాలుగు శ్రేణులుగా విడదీస్తారు; యూరప్ క్లబ్బులకు ఏడాదికి మొదటి శ్రేణిలో 90 వేల యూరోలు, రెండో శ్రేణిలో 60 వేలు, మూడో శ్రేణిలో 30 వేలు, నాలుగో శ్రేణిలో 10 వేలు. 12 నుంచి 15 ఏళ్ల దాకా నాలుగేళ్లకు మామూలుగా అట్టడుగు రేటే లెక్కిస్తారు. యూరోపియన్ యూనియన్ లోపల పై శ్రేణి క్లబ్ నుంచి కింది శ్రేణికి వెళితే కింది క్లబ్ రేటు తీసుకుంటారు. మూడో శ్రేణి క్లబ్‌కు వెళ్లే కుర్రాడు 12వ ఏట నుంచీ ఒకే అకాడమీలో ఉన్నాడనుకుందాం. నాలుగేళ్లకు 40 వేలు, 16 నుంచి 21 దాకా ఆరేళ్లకు లక్షా 80 వేలు, మొత్తం 2 లక్షల 20 వేల యూరోలు. చిన్న క్లబ్‌కు ఇది ఆ కుర్రాడి ఏడాది జీతం కన్నా బరువు. యూనియన్ దేశాల మధ్య మార్పుల్లో, పాత క్లబ్ ఒప్పందం ముగియడానికి కనీసం 60 రోజుల ముందు కొత్త ఒప్పందం రాతపూర్వకంగా ఇవ్వకపోతే సాధారణంగా ఆ హక్కు పోతుంది. ఆ కాగితం ఇచ్చారా, లేకపోతే హక్కు వదులుకుంటున్నామని లేఖ ఉందా అన్నది తేల్చుకోకుండా కుర్రాడిని మెడికల్‌కు (ఒప్పందానికి ముందు చేసే వైద్య పరీక్షకు) పంపితే, అన్నీ కుదిరాక రిజిస్ట్రేషన్ ముందు రోజు బేరం చెడిపోతుంది. ఇది తరచూ జరిగేదే.

ఇంకో సంగతి. 2006లో ఫ్రాన్స్‌లో పుట్టి పెరిగిన ఆటగాడికి స్కాట్లాండ్ తలుపు తెరిచే ఉంది. బ్రెగ్జిట్ తర్వాత, 2021 నుంచి, యూరప్ ఆటగాడికి కూడా బ్రిటన్‌లో ఫుట్‌బాల్ సంఘం ఆమోదం, దానికి పాయింట్లు కావాలి. పెద్ద క్లబ్ రిజర్వ్ జట్టులో కూర్చున్న 21 ఏళ్ల డిఫెండర్‌కు ఆ పాయింట్లు రావడం కష్టం. బాంబా దారినే ఇవాళ్టి కుర్రాడికి సలహాగా ఇవ్వాలంటే బెల్జియం, ఆస్ట్రియా, పోర్చుగల్ రెండో డివిజన్ లాంటి చోట్ల నుంచి మొదలుపెట్టాలి.

ముందే చూసినవాడే పిలిచాడు

2008లో హిబెర్నియన్‌కు మారాడు. ఇక్కడ నిలకడగా ఆడటం, ఐవరీ కోస్ట్ జట్టులోకి రావడం కలిసి నడిచాయి. 2010 ప్రపంచ కప్‌లో ఆ జట్టు కోచ్ స్వెన్-యోరాన్ ఎరిక్సన్. అదే ఏడాది అక్టోబర్‌లో ఎరిక్సన్ లెస్టర్ సిటీ బాధ్యతలు తీసుకున్నాడు. 2011 జనవరిలో బాంబా లెస్టర్ ఆటగాడయ్యాడు. మొదటి మ్యాచ్ ఎఫ్‌ఏ కప్‌లో మాంచెస్టర్ సిటీపై; ఆట మొదలైన మొదటి నిమిషంలోనే గోల్ కొట్టాడు. మ్యాచ్ 2-2తో ముగిసింది.

జాతీయ జట్టు డిఫెండర్‌కు ఇచ్చే అసలు లాభం ఇదే. మ్యాచ్ ఫీజు కన్నా, శిబిరంలో మూడు వారాల పాటు పెద్ద కోచ్ కళ్ల ముందు రోజూ ప్రాక్టీస్ చేయడం విలువైనది. సెంటర్ బ్యాక్‌ను కొనేటప్పుడు కోచ్‌లకు ఉండే భయం ఒకటే: వీడియోలో కనిపించని లోపం ఏదైనా ఉందా అని. దగ్గర ఉండి చూసినవాడికి ఆ భయం ఉండదు.

జనవరి నెలకూ కారణం ఉంటుంది. ఒప్పందంలో ఆరు నెలలు, అంతకన్నా తక్కువ మిగిలితే ఆటగాడు వేరే క్లబ్‌తో మాట్లాడుకోవచ్చు. స్కాట్లాండ్, ఇంగ్లండ్ వేర్వేరు సంఘాలు కాబట్టి సరిహద్దు దాటడం అంతర్జాతీయ బదిలీ కిందికే వస్తుంది. ఆ స్థితిలో ఉన్న ఆటగాడిని జనవరిలో అమ్మకపోతే జూన్‌లో పాత క్లబ్‌కు ఏమీ రాదు. అందుకే స్కాటిష్ క్లబ్బుల నుంచి జనవరిలో తక్కువ ధరకే డిఫెండర్లు దొరుకుతుంటారు. ఆటగాడి తరఫున ఉన్నవాళ్లు ఆ మిగిలిన ధరను జీతంలోకి, సంతకం బోనస్‌లోకి మళ్లించగలగాలి.

అయితే కోచ్ వల్ల వచ్చినవాడికి కోచ్ వెళ్లిపోవడమే పెద్ద ప్రమాదం. ఎరిక్సన్ 2011 అక్టోబర్‌లో లెస్టర్ నుంచి తప్పుకున్నాడు. నైజెల్ పియర్సన్ వచ్చాడు, 2012 జనవరిలో వెస్ మోర్గాన్ అనే మరో సెంటర్ బ్యాక్ వచ్చాడు. ఆ వేసవిలో బాంబా టర్కీ వెళ్లాడు.

ఈలోగా 2012 ఆఫ్రికా నేషన్స్ కప్ జరిగింది. కోలో టూరే పక్కన బాంబా సెంటర్ బ్యాక్‌గా ఆడాడు. ఫైనల్ అదనపు సమయం ముగిసేదాకా టోర్నీ మొత్తంలో ఐవరీ కోస్ట్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. జాంబియాతో ఫైనల్ 0-0తో పెనాల్టీలకు వెళ్లింది. బాంబా తన్నిన పెనాల్టీని గోల్‌కీపర్ కెన్నెడీ మ్వీనే ఆపేశాడు. కానీ బంతి తన్నకముందే మ్వీనే లైన్ దాటి ముందుకు వచ్చాడని రిఫరీ మళ్లీ తన్నమన్నాడు. ఒకసారి తప్పిన పెనాల్టీని అదే గోల్‌కీపర్ ఎదుట అర నిమిషంలో మళ్లీ తన్నాలి. రెండోసారి బంతి వలలో పడింది. ఐవరీ కోస్ట్ చివరికి 7-8తో ఓడింది. ఫైల్‌లో ఈ టోర్నీ "రన్నరప్" అన్న ఒక్క మాటగా మిగులుతుంది. ఒక్క గోల్ కూడా ఇవ్వని డిఫెన్స్ అన్నది మనం రాసి చూపిస్తే తప్ప ఎవరికీ కనిపించదు.

టర్కీ, ఇటలీ

ట్రాబ్జోన్‌స్పోర్‌లో రెండు సీజన్లు ఉన్నాడు. 2013 టర్కిష్ కప్ ఫైనల్‌లో ఆ జట్టు ఫెనర్‌బాచే చేతిలో ఓడింది. 2014 ప్రపంచ కప్ తర్వాత పలెర్మో వెళ్లాడు, అక్కడ మ్యాచ్‌లు దాదాపు దొరకలేదు. కెరీర్‌లో ఆట పరంగా ఇది ఎండిన కాలం. దీని గురించి చెప్పుకోవడానికి తక్కువే ఉంది గానీ, ఇలాంటి దేశాంతర ఒప్పందాల్లో డిఫెండర్లు దెబ్బతినే చోట్లు కొన్ని ఉన్నాయి.

టర్కీ, ఇటలీల్లో జీతం మాట్లాడుకునేది ఎక్కువగా పన్ను పోయాక చేతికొచ్చే మొత్తంలో. ఇంగ్లండ్‌లో పన్నుకు ముందు మొత్తంలో. రెండు ఆఫర్లను పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు దీన్ని మరిచిపోతుంటారు. నికర జీతం అన్నప్పుడు పన్ను క్లబ్ కట్టిందని రుజువు ఏటా రాతలో ఇవ్వాలన్న క్లాజ్ ఉండాలి. లేకపోతే దేశం వదిలాక పన్ను నోటీసు ఆటగాడి పేరున వస్తుంది. రెండోది విదేశీయుల కోటా. టర్కీలో దీని సంఖ్య సీజన్లను బట్టి మారుతూ వచ్చింది. కోటా తగ్గితే కోచ్ వదులుకునేది ముందు డిఫెండర్‌నే, ఎందుకంటే విదేశీ స్థానాలను గోల్స్ కొట్టేవాళ్లకు దాచుకుంటారు. మూడోది జీతం బకాయి. 2018 నుంచి ఫిఫా నియమావళిలో స్పష్టంగా ఉంది: రెండు నెలల జీతం ఆగితే, క్లబ్‌కు రాతపూర్వక నోటీసు ఇచ్చి కనీసం 15 రోజులు గడువిచ్చాక, ఆటగాడు న్యాయమైన కారణంతో ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. నోటీసు ఇవ్వకుండా కోపంతో ప్రాక్టీస్ మానేసిన ఆటగాడు మాత్రం తానే ఒప్పందం ఉల్లంఘించినవాడవుతాడు. గెలవాల్సిన కేసు అలా ఓడిపోతారు.

లీడ్స్ నుంచి కార్డిఫ్‌కు

మొత్తం కెరీర్‌లో ఎక్కువసేపు ఆగి చూడవలసింది ఇక్కడే. 2015 జనవరిలో పలెర్మో నుంచి లీడ్స్‌కు లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, వచ్చాడు. అప్పటికి లీడ్స్ ఇటలీ వ్యాపారి మాసిమో చెల్లీనో చేతిలో ఉంది. వేసవిలో శాశ్వతంగా చేరాడు, కెప్టెన్ కూడా అయ్యాడు. కానీ అతను ఉన్న ఏడాదిన్నర పైచిలుకు కాలంలో లీడ్స్‌కు నలుగురు కోచ్‌లు మారారు: నీల్ రెడ్‌ఫెర్న్, ఊవే రోస్లర్, స్టీవ్ ఎవాన్స్, గ్యారీ మాంక్. కోచ్ మారిన ప్రతిసారీ సెంటర్ బ్యాక్‌కు లైన్ ఎత్తు మారుతుంది, పక్కన నిలబడే మనిషి మారతాడు, బంతి దొరికాక ఏం చేయాలన్న ఆదేశం మారుతుంది. వింగర్ తన ఆట తను ఆడుకోగలడు. సెంటర్ బ్యాక్ ఆట సగం పక్కవాడి మీదే ఆధారపడి ఉంటుంది.

మాంక్ 2016 వేసవిలో వచ్చాడు. వెనక నుంచి చిన్న పాస్‌లతో ఆట కట్టడం అతని పద్ధతి. కైల్ బార్ట్‌లీ, పాంటస్ యాన్సన్ లోన్ మీద వచ్చారు. ఆటగాళ్ల బదిలీలకు అనుమతించే గడువు, అంటే విండో, మూసుకునే వేళకు లీడ్స్, బాంబా పరస్పర అంగీకారంతో ఒప్పందం రద్దు చేసుకున్నారు. వయసు 31. ఏ క్లబ్బూ లేదు. సీజన్ మొదలైపోయింది.

బాంబా ఆటలో బలం, బలహీనత ఒకే చోట ఉండేవి. బంతి వచ్చేదాకా ఆగేవాడు కాడు. ఎదుటి ఫార్వర్డ్ కాలికి బంతి చేరేలోపే ముందుకు దూకి లాక్కునేవాడు, ఆ ఊపులోనే బంతితో మధ్య గీత దాకా పరుగెత్తేవాడు. దూకిన అంచనా సరైతే దాడి అక్కడే తెగిపోతుంది. తప్పితే వెనక 30 మీటర్ల ఖాళీ. డిఫెన్స్ లైన్ మధ్య గీత దగ్గర నిలబడే జట్టులో ఆ ఖాళీ గోల్ దాకా దారి. పెనాల్టీ ఏరియా దగ్గర దిగువన కాపు కాసే జట్టులో వెనక ఇంకో ఇద్దరు ఉంటారు, అదే దూకుడు ఆస్తి అవుతుంది. ఒకే ఆటగాడు, అవే కాళ్లు. తేడా అంతా లైన్ నిలబడే చోటులో.

నీల్ వార్నక్ 2016 అక్టోబర్ మొదట్లో కార్డిఫ్ కోచ్‌గా వచ్చాడు. జట్టు అప్పుడు ఇంగ్లండ్ రెండో డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్‌లో కింది నుంచి రెండో స్థానంలో ఉంది. వార్నక్ ఆట సూటి ఆట: పొడవాటి బంతులు, సెట్‌పీస్‌లు (కార్నర్లు, ఫ్రీకిక్‌లు), దిగువన గట్టి గోడ. విండో మూసి ఉంది, కొనలేడు. కానీ విండో ముగియకముందే ఒప్పందం పోయిన ఆటగాడిని విండో బయట కూడా రిజిస్టర్ చేసుకోవచ్చు. లీడ్స్‌తో తెగతెంపుల తేదీ అంత ముఖ్యం అయ్యింది ఇందుకే. నిబంధన ప్రకారం ఆ గీతకు ఇవతల ఉంటే ఆటగాడికి అక్టోబర్‌లో బతుకు ఉంది, అవతల ఉంటే జనవరి దాకా ఖాళీ. రద్దు మాట్లాడేటప్పుడు పరిహారం మొత్తం మీదే బేరమాడుతూ తేదీని వదిలేసేవాళ్లు ఆటగాడికి నాలుగు నెలల ఆట పోగొడతారు.

అక్టోబర్ 14న బ్రిస్టల్ సిటీపై డెర్బీలో (పొరుగు జట్ల పోరులో) బాంబా కార్డిఫ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడి, 2-1 విజయంలో గెలుపు గోల్ కొట్టాడు. ఆ సీజన్‌ను కార్డిఫ్ 12వ స్థానంలో ముగించింది. డిసెంబర్‌లో ఇప్స్‌విచ్‌తో మ్యాచ్‌లో కోపం పట్టలేక మైదానం పక్కన ఉండే నాలుగో రిఫరీ మీదికి వెళ్లి రెడ్ కార్డ్ తిన్నాడు, ఆపబోయిన వార్నక్‌ను కూడా తోసేశాడు. వార్నక్ అతన్ని పక్కన పెట్టలేదు. కోచ్‌కు ఆటగాడి మీద నమ్మకం ఎంత ఉందో ఇలాంటప్పుడే తెలుస్తుంది. 2017-18లో సీన్ మోరిసన్ పక్కన సెంటర్ బ్యాక్‌గా, అవసరమైతే మిడ్‌ఫీల్డ్‌లోనూ ఆడించాడు. 46 మ్యాచ్‌ల్లో 39 గోల్స్ మాత్రమే ఇచ్చి, 90 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచి కార్డిఫ్ ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది. 2016 సెప్టెంబర్‌లో ఏ క్లబ్బూ లేని మనిషి, 2018 నవంబర్‌లో బ్రైటన్‌పై 90వ నిమిషంలో ప్రీమియర్ లీగ్ గెలుపు గోల్ కొట్టాడు.

మోకాలు, జబ్బు, ఒప్పందం

2019 మార్చిలో వోల్వ్స్‌తో మ్యాచ్‌లో మోకాలిని పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. వయసు 34. ఏసీఎల్ సర్జరీ తర్వాత పోటీ మ్యాచ్‌కు తొమ్మిది నెలల కన్నా ముందు తిరిగొస్తే మళ్లీ తెగే ప్రమాదం పెరుగుతుంది. నెలల లెక్క ఒక్కటే చాలదు. గాయపడిన కాలి తొడ కండరం బలం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి, ఒంటికాలి గెంతుల పరీక్షల్లోనూ అంతే. సెంటర్ బ్యాక్‌కు అదనంగా చూడవలసింది వెనక్కి పరుగెత్తుతూ తిరగడం, హెడర్ తర్వాత ఒంటికాలి మీద దిగడం. ముందుకు పరుగు చక్కగా ఉందని మైదానంలోకి వదిలితే, ఫార్వర్డ్ కోసం తన వెనక్కి పారిన మొదటి బంతికే మోకాలి మీద నమ్మకం లేదని తేలిపోతుంది. బాంబా తిరిగొచ్చాడు గానీ, ఆ ఏడాదే వార్నక్ వెళ్లిపోయాడు, ఆట నిమిషాలు తగ్గిపోయాయి.

2021 జనవరిలో అతనికి నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ ఉందని కార్డిఫ్ ప్రకటించింది. కీమోథెరపీ తీసుకుని, మే 8న రోథర్‌హామ్‌తో సీజన్ చివరి మ్యాచ్‌లో ఆఖరి నిమిషాల్లో మైదానంలోకి దిగాడు. ఆ వేసవితో కార్డిఫ్‌లో అతని ఒప్పందం ముగిసింది.

ఆటగాళ్లు చదవకుండా సంతకం పెట్టే పేజీ ఒకటుంది. ఇంగ్లిష్ లీగ్‌ల ప్రామాణిక ఒప్పందంలో ఆటలో తగిలిన గాయం ఒక గడిలో, మిగతా జబ్బులన్నీ మరో గడిలో ఉంటాయి. ఆట గాయానికి పూర్తి మూల జీతం 18 నెలల దాకా, జబ్బుకు 12 నెలల దాకా. తెగిన మోకాలు మొదటి గడి, లింఫోమా రెండోది. 30 దాటిన డిఫెండర్ ఒప్పందం రాసేటప్పుడు రెండో గడికి వేరే బీమా తీసుకోవాలి. మ్యాచ్‌కు ఇంత అని ఇచ్చే బోనస్‌లు రెండు గడుల్లోనూ రావు. జీతం తగ్గించి ఆట బోనస్ పెంచుతామనే ఆఫర్ ఈ వయసులో ఎంత ప్రమాదమో అక్కడే అర్థమవుతుంది.

2021 ఆగస్టులో మిడిల్స్‌బ్రో ఒక ఏడాదికి తీసుకుంది. అక్కడి కోచ్ మళ్లీ వార్నక్. 36 ఏళ్ల వయసులో, క్యాన్సర్ చికిత్స ముగిసిన నెలల్లో ఏ స్కౌటింగ్ నివేదికా ఇప్పించలేని ఒప్పందం అది.

కోచింగ్‌కు

2023 జనవరిలో కార్డిఫ్‌కు సబ్రి లమూషి కోచ్‌గా వచ్చాడు, బాంబా అతని సహాయకుల్లో ఒకడయ్యాడు. 2014 ప్రపంచ కప్‌లో ఐవరీ కోస్ట్ కోచ్ ఈ లమూషియే. ఆట ముగిశాక కూడా దారి చూపింది ముందే దగ్గర నుంచి చూసిన మనిషే. 2024లో బాంబా టర్కీలోని అదానాస్పోర్‌కు ప్రధాన కోచ్‌గా వెళ్లాడు.

ఊళ్లు మారే డిఫెండర్‌కు కోచింగ్ లైసెన్స్ విషయంలో ఒక ఇబ్బంది ఉంది. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ ఇచ్చే బి, ఏ, ప్రో లైసెన్స్ కోర్సులు ఒక దేశపు సంఘం కింద నెలల తరబడి సాగుతాయి. జనవరిలో దేశం మారితే కోర్సు మధ్యలో ఆగిపోతుంది. 28, 29 ఏళ్లకే బి లైసెన్స్ మొదలుపెట్టి, ప్రతి కొత్త ఒప్పందంలో కోర్సు రోజులకు సెలవు, ఫీజు క్లబ్ కట్టేలా ఒక క్లాజ్ రాయించుకోవాలి. జీతం గురించి గంటలు వాదించే క్లబ్ డైరెక్టర్లు ఈ క్లాజ్‌కు దాదాపు ఎప్పుడూ అడ్డు చెప్పరు.